గిడ్జెట్ బోర్డు ఏమైంది?

1959లో వచ్చిన 'గిడ్జెట్' సినిమా మొదట్లో ఒక సన్నివేశం ఉంటుంది. ఫ్రాన్సీ అనే పదహారేళ్ళ పిల్లని స్నేహితురాళ్ళు మాలిబు బీచ్‌కి లాక్కొస్తారు. వాళ్ళొచ్చిన పని అబ్బాయిల్ని బుట్టలో వేసుకోవడం. ఎలా పడుకోవాలి, ఎలా నడవాలి, ఎవరు చూస్తుంటే ఎటు తిరగాలి అన్నీ ముందే అనుకుని వచ్చారు. ఫ్రాన్సీకి ఇదంతా చేతకాదు. విసుగొచ్చి ఈతకి వెళ్ళిపోతుంది. అక్కడ సముద్రపు నాచులో ఇరుక్కుంటే మూన్‌డాగీ అనే కుర్రాడు వచ్చి, తన సర్ఫ్ బోర్డు మీదకి లాగి, అల మీద ఒడ్డుకి తీసుకొస్తాడు.

మన సినిమాలు చూసి పెరిగిన కంటికి ఆ తర్వాత ఏం రావాలో తెలుసు. తడి బట్టలు, ఒక చూపు, వెంటనే పాట. ఇక్కడ మాత్రం ఆ పిల్ల కళ్ళు మెరిసేది కుర్రాడిని చూసి కాదు. ఆ అల మీద వచ్చిన కొన్ని క్షణాలు ఆమెకి పిచ్చి పట్టించాయి. మళ్ళీ అలా రావాలి, ఈసారి తనంతట తను రావాలి. తనకో బోర్డు కావాలి. సినిమాలో మొదటి గంట దాదాపు ఈ ఒక్క కోరిక మీదే నడుస్తుంది.

ప్రేమ కాని కోరిక ఒకటి పదహారేళ్ళ ఆడపిల్లకి ఉండటం, దానికోసం ఇంట్లో డబ్బులడగడం, రోజూ వెళ్ళి నీళ్ళు మింగి, వెక్కిరింపులు పడి నేర్చుకోవడం. తెరమీద ఇది చూస్తుంటే నాకు ఎంత కొత్తగా అనిపించిందో చెప్పలేను. సినిమాకి అరవై ఏళ్ళు దాటిపోయాయి. అయినా కొత్తగానే ఉంది.

ఈ సినిమాని గొప్పది అనను. దర్శకుడు పాల్ వెండ్‌కోస్ పని శుభ్రంగా ఉంటుంది, అంతే. గిడ్జెట్‌గా వేసిన శాండ్రా డీ బోర్డు మీద కనిపించే దగ్గరి షాట్లలో వెనకాల కదిలే సముద్రం స్టూడియో తెర అని ఇప్పటి కంటికి ఇట్టే తెలిసిపోతుంది. దూరపు షాట్లలో నిజంగా అలల మీద నిలబడింది మిక్కీ మునోజ్ అనే మగ సర్ఫర్. విగ్గు పెట్టుకుని, ఆడపిల్ల స్విమ్ సూట్ వేసుకుని! ఒక ఆడపిల్ల తన ఒంటితో ఒక విద్య నేర్చుకోవడమే కథైన సినిమాలో ఆ విద్య చూపించడానికి మగాడి ఒళ్ళు అద్దెకి తెచ్చుకున్నారు. మొదట నవ్వొస్తుంది. కాసేపయ్యాక సినిమా రెండో సగంలో జరగబోయేదానికి ఇది సూచనలా అనిపిస్తుంది.

రెండో సగంలో ఏం జరుగుతుందో చెప్పేముందు ఈ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. గిడ్జెట్ నిజంగా ఉంది. పేరు కాథీ కోనర్. 1956 వేసవిలో మాలిబులో సర్ఫింగ్ నేర్చుకుంది. అక్కడి కుర్రాళ్ళకి ఇంటినుంచి శాండ్‌విచ్‌లు తెచ్చిపెట్టి, బదులుగా బోర్డు అడిగి తీసుకునేదట. పొట్టిగా ఉండేది కాబట్టి 'గర్ల్', 'మిడ్జెట్' రెండూ కలిపి 'గిడ్జెట్' అని పేరు పెట్టారు. (తెలుగులో అయితే 'బుడ్డిది' అనేవాళ్ళేమో. మన వీధుల్లో ఆ పేరు పడని పొట్టి పిల్ల ఉండదు.) కాథీ ఇంటికొచ్చి చెప్పిన కబుర్లన్నీ విని వాళ్ళ నాన్న ఫ్రెడరిక్ కోనర్ 1957లో నవల రాశాడు. ఆయన మధ్య యూరప్‌లోని బొహీమియాలో పుట్టిన యూదుడు, హిట్లర్ కాలంలో అమెరికా చేరిన సినిమా రచయిత. ఇంగ్లీషు ఆయన మాతృభాష కాదు. యాభై ఏళ్ళ వలస మనిషి, పరాయి భాషలో, అందులోనూ బీచ్ కుర్రాళ్ళ యాసలో, తన కూతురు 'నేను' అని చెప్తున్నట్టుగా రాశాడు. ఇలాంటిది బెడిసికొట్టడమే ఎక్కువ. ఇది బెడిసికొట్టలేదు. కూతురికి పట్టిన పిచ్చిని మార్చకుండా, దిద్దకుండా వినగలిగాడు కాబట్టే అనుకుంటాను.

నవల చివరికొచ్చేసరికి ఆ పిల్లకి ఒక విషయం తెలిసొస్తుంది. మూన్‌డాగీ మీద ఇష్టం ఎటు పోయినా, ఆ వేసవిలో తను నిజంగా ప్రేమించింది బోర్డునేమో అని. నవలలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

సినిమా సరిగ్గా అక్కడే చేతులెత్తేసింది. రెండో సగంలో అలలు వెనక్కి పోయి, ఎవరికి అసూయ పుట్టించాలి, ఎవరితో పార్టీకెళ్ళాలి అనే గొడవ ముందుకొస్తుంది. చివర్లో తండ్రి తన స్నేహితుడి కొడుకుతో ఆమెకి పరిచయం ఏర్పాటు చేస్తాడు. ముందునుంచీ చెప్తూనే ఉంటాడు మంచి కుర్రాడు, ఒకసారి కలువు అని. ఆమె వద్దంటూనే ఉంటుంది. తీరా తలుపు తీసి చూస్తే ఆ కుర్రాడు మూన్‌డాగీయే! అసలు పేరు జెఫ్రీ మాథ్యూస్. మన పెళ్ళిచూపుల సినిమాలు చూసినవాళ్ళెవరైనా ఇక్కడ ఇంట్లో ఉన్నట్టే ఫీలవుతారు. తిరుగుబాటు అనుకున్నది నాన్న చూపించిన సంబంధంలోనే వచ్చి పడింది. అతను ఆమెకి తన కాలేజీ బ్యాడ్జి పెడతాడు. బోర్డు ఎటు పోయిందో ఎవరూ అడగరు. అమ్మమ్మ కుట్టిన ఎంబ్రాయిడరీ ఒకటి ఆ ఇంట్లో ఉంటుంది, మగవాడిలో మంచిని బయటికి తేవడమే ఆడదాని గొప్పతనం అనే అర్థంలో. సినిమా చివరికి నవలని పక్కనపెట్టి ఆ ఎంబ్రాయిడరీ వైపు నిలబడింది.

అయినా ఆ మొదటి గంట నన్ను వదల్లేదు. కారణం నేను చూస్తున్నది వైజాగ్‌లో కూర్చుని కాబట్టి. మాకూ ఒక బీచ్ సినిమా ఉంది, మేం దాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతాం. 'మరోచరిత్ర'.

1978. కె. బాలచందర్ దర్శకత్వం, బి.ఎస్. లోకనాథ్ కెమెరా, ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం, ఆత్రేయ పాటలు. రంగుల సినిమాలు మామూలైపోయిన రోజుల్లో పట్టుబట్టి తీసిన నలుపు తెలుపు. తమిళ కుర్రాడు బాలు, తెలుగమ్మాయి స్వప్న. విశాఖ, భీమిలి. మద్రాసు సఫైర్ థియేటర్లో తెలుగు సినిమాగానే, డబ్బింగ్ లేకుండా, 596 రోజులు ఆడింది. 1981లో బాలచందరే దాన్ని హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీసి కథని గోవాకి తీసుకెళ్ళాడు. గోవా అందంగానే ఉంటుంది కానీ, భీమిలి ఒడ్డున ఆ బూడిదరంగు నీళ్ళలో ఉన్న దిగులు దానికి రాలేదు.

సినిమాగా చూస్తే 'మరోచరిత్ర'కి 'గిడ్జెట్' సాటిరాదు. ఈ మాట స్పష్టంగా చెప్పి ముందుకెళ్తాను. సరితకి అది తొలి సినిమా. తెల్లతోలు హీరోయిన్ల మధ్య ఆ చామనఛాయ మొహం, ఆ కళ్ళు, ఆ గొంతు. ఇరవై కూడా నిండని పిల్ల కమల్‌హాసన్ పక్కన నిలబడి ఎక్కడా తగ్గదు. సినిమా పేర్లతో అల్లిన పాటని లిఫ్టులో పెట్టడం లాంటి చమత్కారాలు ఇప్పటికీ పాతబడలేదు. అప్పటి వైజాగ్‌ని చూడ్డానికే ఈ సినిమా మళ్ళీ మళ్ళీ పెట్టుకునేవాళ్ళు నాకు తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి వెళ్ళారు గానీ, సినిమా వచ్చేనాటికి అక్కడ ఉక్కు పొయ్యడానికి ఇంకా పదేళ్ళ పైనే ఉంది. ఊరు ఖాళీగా, రోడ్లు వెడల్పుగా, కొండలు కొండల్లాగే ఉంటాయి.

కానీ గిడ్జెట్‌ని చూసిన కంటితో స్వప్నని మళ్ళీ చూడండి. ఈ పిల్లకి బాలు తప్ప ఇంకేం కావాలి?

పెద్దవాళ్ళు షరతు పెడతారు. ఒక ఏడాది ఇద్దరూ కలుసుకోకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు. అప్పటికీ ప్రేమ నిలిస్తే పెళ్ళి. కథకి ఇది అద్భుతమైన ముడి. బాలు ఊరు వదిలి వెళ్తాడు. కొత్త చోటు, కొత్త మనుషులు. సంధ్య అనే వితంతువు (మాధవి) పరిచయమవుతుంది. కోపం, అపార్థం, ఒక దశలో ఆమెని పెళ్ళి చేసుకోబోయేదాకా వెళ్ళడం, మళ్ళీ వెనక్కి రావడం. అంటే ఆ ఏడాదిలో కుర్రాడు ఎంతో కొంత పెద్దవాడవుతాడు. స్వప్నకి ఆ ఏడాది ఏం ఇచ్చింది? ఎదురుచూపు. వెంటపడే ఒక మగాణ్ణి తప్పించుకోవడం. తల్లి బాలు ఫోటో కాల్చేస్తే ఆ బూడిద కాఫీలో కలుపుకుని తాగడం. తెలుగు ప్రేక్షకుడు ఎప్పటికీ మర్చిపోని దృశ్యం అది, నేనూ మర్చిపోలేదు. కానీ ఆలోచిస్తే సినిమా మొత్తంలో ఆ పిల్ల తన ఒంటితో, తన ఇష్టంతో చేసిన అతిపెద్ద సాహసం బూడిద తాగడం. ఇంటి ముందు సముద్రం ఉంది. ఏడాది టైముంది. ఆ ఏడాదిలో ఆమె ఏదైనా నేర్చుకోవచ్చు అనే ఆలోచన కథకి రాలేదు.

చివర్లో ఇద్దర్నీ సముద్రమే తీసుకుంటుంది. అంతకుముందు ఆమె మీద అత్యాచారం, అతని మీద రౌడీల దాడి. ఏడాదంతా కాచుకున్న ఇద్దరికీ బాలచందర్ కొన్ని నిమిషాలే మిగిల్చాడు. అది విషాదమని అందరం ఒప్పుకున్నాం, ఏడ్చాం. నాకు ఇప్పుడు కనిపించేది ఇంకోటి. ఈ సినిమాలో సముద్రానికి రెండే పనులు: మొదట్లో పాటకి నేపథ్యం, చివర్లో సమాధి. మధ్యలో అది ఎవరికీ ఏదీ నేర్పదు.

తర్వాత వచ్చిన తీరప్రాంతపు ప్రేమకథలు కూడా దీన్నుంచి పెద్దగా కదల్లేదు. 2021లో వచ్చిన 'ఉప్పెన' సంగతే చూడండి. ఉప్పాడ సముద్రం, జాలరి కుర్రాడు, పెద్దింటి అమ్మాయి. ఆ కుర్రాడికి సముద్రం తెలుసు, సరే. కానీ కథ మళ్ళీ తండ్రి పరువు దగ్గరికే, ఆ పరువు కోసం కుర్రాడి శరీరం మీద చేసిన ఘోరం దగ్గరికే వెళ్ళి ఆగుతుంది. ఆ అమ్మాయి ధైర్యం కూడా ప్రేమలో చూపించే ధైర్యమే. దాన్ని తక్కువ చెయ్యను. వేరే రకం ధైర్యం కూడా ఉంటుందని మాత్రం అంటున్నాను.

ఇదంతా సినిమాల గొడవేనా అంటే, మా ఊళ్ళో కాదు. పోర్టు 1933లో తెరిచారు. తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, నేవీ, స్టీల్ ప్లాంట్. వైజాగ్ మధ్యతరగతిలో సగం మంది జీతాలు ఏదో ఒక దారిలో సముద్రం మీదుగా వచ్చినవే. అదే మధ్యతరగతి సముద్రాన్ని చూసేది ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని, మురీ మిక్చర్ పొట్లం చేత్తో పట్టుకుని. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒక కెరటం తాకగానే కేకేసి వెనక్కి పరిగెత్తడం మా జలక్రీడ. ఈత వచ్చినవాళ్ళు ఎంతమంది అని మా ఆఫీసులో ఒకసారి అడిగాను. వచ్చినవాళ్ళందరూ స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్నవాళ్ళే, అందులో ఆడవాళ్ళు ఒక్కరే.

ఇప్పుడు రుషికొండలో సర్ఫింగ్ నేర్పేవాళ్ళున్నారు. 2020లో ఆ బీచ్‌కి బ్లూ ఫ్లాగ్ వచ్చాక జనం ఇంకా పెరిగారు. పదిహేనేళ్ళ మా అక్క కూతురు అక్కడ బోర్డు మీద ఎవరినో చూసి వచ్చి, నేనూ నేర్చుకుంటానంది. ఇంట్లో సభ జరిగింది. మా అమ్మ మొదటి మాట: "నల్లబడిపోతావే." బావ: "ఆ డ్రెస్సేంటి, అందరూ చూస్తుంటారు." అక్క మాత్రం ఇవేవీ అనలేదు. "మునిగిపోతే?" అంది.

మొదటి రెండింటికీ జవాబు ఉంది. సరితని గుండెల్లో పెట్టుకున్న ఊరు నలుపు గురించి మాట్లాడకూడదు, అది మొదటిది. రెండోదానికి, చూసేవాడిదే తప్పని బావకీ తెలుసు. మూడోదాన్ని కొట్టిపారేయలేం. మా సముద్రం మాలిబు కాదు. ఆర్కే బీచ్‌లో, యారాడలో, నీళ్ళలోకి దిగి వెనక్కి రానివాళ్ళ వార్త లేకుండా ఒక్క ఏడాది గడవదు. ఒడ్డునుంచి లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనిపించవు, ప్రశాంతంగా ఉన్నట్టున్న చోటే లాగుతాయి. పోయినవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్ళు, సెలవు రోజు సరదాగా వచ్చినవాళ్ళు. కాబట్టి అక్క భయం పాతకాలపు భయం కాదు, పేపరు చదివి వచ్చిన భయం.

కానీ ఆ భయానికి మనం ఇచ్చే జవాబు ఎప్పుడూ 'దిగకు' అనే. 'నేర్చుకుని దిగు' అనే జవాబు 'గిడ్జెట్' మొదటి గంటలో ఉంది, అందుకే అది నాకు అంత విలువైనదిగా కనిపించింది. ఆ పిల్ల కూడా మొదట మునగబోయిందే. నాచులో ఇరుక్కున్న మర్నాడు ఇంట్లో కూర్చోకుండా మళ్ళీ నీళ్ళ దగ్గరికే వచ్చింది. తల్లిదండ్రులు కంగారుపడ్డారు, పడుతూనే బోర్డుకి డబ్బులిచ్చారు. సినిమా మొత్తంలో వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే, స్నేహితుడి కొడుకుని తీసుకురావడం కాదు.

సర్ఫింగ్ విదేశీ సరదా అనే వాదన కూడా విన్నాను. జాలరిపేట వైపు పొద్దున్నే వెళ్తే ఆ వాదన నిలబడదు. ఫైబర్ పడవలు రాకముందు మా తీరంలో వేటకి వెళ్ళింది తెప్పల మీద. దుంగలు పక్కపక్కన కట్టిన తెప్ప అంటే అల కిందనుంచి వచ్చి తడుపుతూనే ఉంటుంది. కెరటం విరిగే చోటు దాటి లోపలికి పోవాలంటే ఎప్పుడు ఆగాలో, ఏ కెరటాన్ని వదిలెయ్యాలో, దేనితో పోవాలో తెలియాలి. తిరిగొచ్చేటప్పుడు అదే కెరటం వీపు మీద ఒడ్డుకి రావాలి. మాలిబులో కుర్రాళ్ళు వేసవంతా నేర్చుకున్నది ఇదే విద్య, ఆకలి లేకుండా. ఇప్పటికీ అక్కడి పిల్లలు థర్మాకోల్ ముక్క దొరికితే చాలు, దాని మీద బోర్లా పడుకుని కెరటంతో పాటు ఒడ్డుకి జారుతుంటారు. ఎవరూ ఫీజు కట్టలేదు.

ఆ పిల్లల్లో నేను చూసినంతవరకు అందరూ మగపిల్లలే. జాలరి ఇళ్ళలో చేపల బేరం, డబ్బు లెక్క, ఇంటి పెత్తనం ఆడవాళ్ళవి. వేట మాత్రం మగవాళ్ళది. సముద్రాన్ని గంగమ్మ అని మొక్కుతాం. గంగమ్మ దగ్గరికి ఆడపిల్ల పోకూడదు! కాబట్టి ఇది మధ్యతరగతి బిడియం ఒక్కటే కాదు. సముద్రం పక్కన ఎవరు ఏ అంతస్తులో ఉన్నా, నీళ్ళలోకి దిగే హక్కు పంచేటప్పుడు ఆడపిల్లల వంతు వచ్చేసరికి అయిపోయింది.

'గిడ్జెట్'లో ఇంకో పాత్ర గురించి చెప్పకపోతే అన్యాయం. బిగ్ కహునా. కొరియా యుద్ధంలో పనిచేసి వచ్చి, ఉద్యోగం సద్యోగం లేకుండా బీచ్‌లో గుడిసె వేసుకుని అలలతో పాటు బతికేవాడు. క్లిఫ్ రాబర్ట్‌సన్ వేశాడు. కుర్రాళ్ళకి అతనే దేవుడు. సినిమా చివరికి అతను గుడిసె పీకేసి పైలట్ ఉద్యోగానికి పోతాడు, సినిమా దాన్ని ఎదగడం అంటుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ రోజుల్నుంచీ ఎదగడం అంటే ఇదేనని విన్న తరం మాది కాబట్టి నాకు ఆ ముగింపు గొంతులో ముల్లులా ఉంటుంది. సరిగ్గా 'మరోచరిత్ర' వచ్చిన 1978లోనే జాన్ మిలియస్ 'బిగ్ వెడ్నెస్‌డే' తీశాడు. ముగ్గురు సర్ఫర్ కుర్రాళ్ళు, వియత్నాం యుద్ధం, పెళ్ళిళ్ళు, చావులు, పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ ఒక పెద్ద కెరటం కోసం బోర్డులు పట్టుకుని రావడం. అందులో పెద్దవాళ్ళవడానికి బోర్డు వదిలెయ్యక్కర్లేదు. కానీ అదంతా మగవాళ్ళ లోకం. ఆడవాళ్ళు ఒడ్డున ఉంటారు.

అంటే నాకు కావలసిన సినిమా ఇంకా ఎక్కడా లేదు. కోనర్ నవల దానికి అన్నిటికన్నా దగ్గర. చిన్న పుస్తకం, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది, సినిమా కన్నా ముందు అది చదవండి. చదివాక సినిమా మొదటి గంట చూడండి, రెండో గంట మీ ఇష్టం. 'మరోచరిత్ర' మీరెలాగూ చూసే ఉంటారు. మళ్ళీ చూసినప్పుడు ఆ ఏడాది గడువు మొదలయ్యే చోట ఒకసారి పాజ్ చేసి, స్వప్న కిటికీలోంచి కనిపించే నీళ్ళ సంగతి ఆలోచించండి.

మా అక్క కూతురి సంగతి అడుగుతారేమో. ముందు ఈత, తర్వాత మిగతావి అని ఒప్పందం కుదిరింది. పూల్‌లో చేరి మూడు నెలలైంది. నల్లబడింది కూడా.